హన్నా రిగ్గెన్ బొమ్మల నేత: తరచుగా అడిగే ప్రశ్నలు

హన్నా రిగ్గెన్ ఎవరు?

1894 మార్చి 21న స్వీడన్‌లోని మాల్మోలో పుట్టి, 1970 ఫిబ్రవరి 2న నార్వేలోని ట్రోండ్‌హైమ్‌లో కన్నుమూసిన నేత కళాకారిణి. మొదట బడిలో టీచరుగా పనిచేసింది, తర్వాత చిత్రలేఖనం నేర్చుకుంది, ముప్ఫయ్యో ఏట మగ్గం ముందు కూర్చుంది. మళ్ళీ కుంచె వైపు పోలేదు. దాదాపు వంద టాపెస్ట్రీలు, అంటే గోడకు వేలాడదీసే బొమ్మల నేతలు, నేసింది. వాటిలో ఆమె ఇల్లు, పెనిమిటి, కూతురు, గొర్రెలు, అప్పుల వాళ్ళు ఉంటారు. వాళ్ళ పక్కనే ముసోలినీ, హిట్లర్, చర్చిల్, లిండన్ జాన్సన్ కూడా ఉంటారు. పేపర్లో పొద్దున చదివిన సంగతిని గొర్రె ఉన్నిలో నెలల తరబడి నేసిన మనిషి అంటే ఆమె పని చాలావరకు చెప్పేసినట్టే.

స్వీడిష్ కళాకారిణి అనాలా, నార్వీజియన్ అనాలా?

పుట్టుక స్వీడన్, పని నార్వే. నేసినవన్నీ నార్వేలో నేసింది, 1964లో వెనిస్ బియెన్నాలే అనే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో నార్వే తరఫునే నిలబడింది. మాల్మో వాళ్ళు మా ఆడపడుచే అంటారు, అదీ అబద్ధం కాదు.

చిత్రలేఖనం ఎక్కడ నేర్చుకుంది? దాన్ని ఎందుకు వదిలేసింది?

లుండ్‌లో డెన్మార్క్ చిత్రకారుడు ఫ్రెడ్రిక్ క్రెబ్స్ దగ్గర ఆరేళ్ళు. పగలు పిల్లలకు పాఠాలు, మిగతా వేళ బొమ్మలు. 1922లో పాత చిత్రకారుల పని చూద్దామని జర్మనీలోని డ్రెస్డెన్ వెళ్ళింది. అక్కడ పరిచయమైన నార్వే చిత్రకారుడు హాన్స్ రిగ్గెన్‌ను 1923లో పెళ్ళాడింది. 1924లో కూతురు మోనా పుట్టింది. అదే ఏడు హాన్స్ సొంత ప్రాంతమైన ఓర్లాండెట్‌కు కాపురం మారింది.

నూనె రంగుల్ని వదిలేసినా చిత్రకారిణి చూపును వదల్లేదు. టాపెస్ట్రీ దగ్గర నిలబడితే ఆరేళ్ళ శిక్షణ ఎక్కడ పనికొచ్చిందో కనిపిస్తుంది. రాజకీయ నాయకుల ముఖాలు నాలుగైదు రంగుల నూలుతోనే గుర్తుపట్టేలా ఉంటాయి. పెద్ద ఖాళీ రంగు మీద ఒక్క మనిషిని నిలబెట్టే ధైర్యం కూడా అక్కడిదే. అయితే వీటిని “ఉన్నితో వేసిన పెయింటింగ్‌లు” అనడం సరికాదు. నూనె చిత్రానికి నకలుగా నేసే యూరప్ కార్ఖానా టాపెస్ట్రీల దారి వేరు, ఈమె దారి వేరు. ఆ తేడా కింద కార్టూన్ (ముందుగా గీసుకునే బొమ్మ) గురించిన ప్రశ్నలో తేలుతుంది.

ఓర్లాండెట్ ఎలాంటి చోటు?

ట్రోండ్‌హైమ్ ఫియోర్డ్ సముద్రంలో కలిసే మూతి దగ్గర చదునైన ద్వీపకల్పం. గాలి ఎక్కువ, చెట్టు తక్కువ. వాళ్ళది చిన్న కమతం: గొర్రెలు, కాస్త పంట. తొలి ఏళ్ళలో కరెంటు లేదు, కుళాయి లేదు. నగరాల్లోని కళాకారుల గుంపుకు ఇది చాలా దూరం. కానీ లోకానికి దూరం అనుకోకూడదు. పత్రికలు వచ్చేవి, ఆమె వాటిని వదలకుండా చదివేది. 1940 ఏప్రిల్‌లో జర్మన్ సైన్యం నార్వేలో దిగాక యుద్ధమే ఊళ్ళోకి వచ్చింది. ఓర్లాండెట్‌లో జర్మన్లు యుద్ధ ఖైదీల చేత చాకిరీ చేయించి విమానాశ్రయం కట్టారు. ఇవాళ్టికీ అది నార్వే వైమానిక దళానికి ముఖ్య స్థావరం.

టాపెస్ట్రీ అంటే అసలు ఏ రకం నేత? మన నేతల్లో దీనికి దగ్గరిది ఏది?

మామూలు బట్టలో పేక పోగు ఈ అంచు నుంచి ఆ అంచుదాకా పోతుంది. టాపెస్ట్రీలో పోదు. ఎర్ర రంగు ఎక్కడిదాకా కావాలో ఎర్ర పోగు అక్కడిదాకా వెళ్ళి వెనక్కి తిరుగుతుంది. పక్కనుంచి నీలం అందుకుంటుంది. ఒక్క వరుసలో ఇరవై రంగులుంటే ఇరవై చిన్న కండెలు వేలాడుతుంటాయి. పేకను గట్టిగా కిందికి కొడతారు కాబట్టి నిలువు పోగులైన పడుగు పూర్తిగా మూసుకుపోతుంది, పైకి కనిపించేదంతా పేకే.

ఉప్పాడ జాందానీతో పోల్చేవాళ్ళున్నారు, అది సగమే నిజం. జాందానీలో నేల బట్ట విడిగా ఉంటుంది, బుటా కోసం అదనపు పోగు వేస్తారు. బుటా పోగులు లాగేసినా బట్ట మిగులుతుంది. టాపెస్ట్రీలో బొమ్మే బట్ట. లాగేస్తే పడుగు పోగులు తప్ప ఏమీ మిగలదు. ఒడలి రంగూ అంచు రంగూ ఒకదాన్నొకటి కొక్కెంలా పట్టుకునే గద్వాల కుప్పడం అతుకును దగ్గరినుంచి చూసినవాళ్ళకు దీని కీలకం తొందరగా అర్థమవుతుంది. అక్కడ ఆ పట్టు రెండు అంచుల దగ్గరే ఉంటుంది, ఇక్కడ ముక్కు పక్కన, కనురెప్ప కింద, వేలికీ వేలికీ మధ్య ఉంటుంది.

రెండు రంగులు కలిసేచోట చీలిక పడదా?

పడుతుంది. రెండు పోగులూ పక్కపక్క పడుగుల మీదనుంచి వెనక్కి తిరిగితే నిలువునా సందు మిగులుతుంది. రెండు మూడు వరుసలైతే కనిపించదు. నిలువు గీత చెయ్యెడు పొడవు సాగితే వేలాడదీసినప్పుడు నోరు తెరుచుకుంటుంది. విరుగుడు మూడు రకాలు: రెండు రంగుల్నీ ఒకదానిలో ఒకటి మెలివేయడం, రెండింటినీ ఒకే పడుగు మీదనుంచి తిప్పడం, లేదా నేశాక సందును దారంతో కుట్టడం. మెలివేస్తే గట్టిగా ఉంటుంది కానీ గీత కాస్త రంపపు పళ్ళలా కనిపిస్తుంది. నార్వే పాత బొమ్మల నేతలో ఈ పళ్ళ గీతను దాచరు, అందంగానే వాడుకుంటారు.

నార్వేలో ఈ నేత ఆమెకు ముందు ఉందా?

ఎప్పటినుంచో. 1879లో బాల్డిషోల్ చర్చిలో దొరికిన టాపెస్ట్రీ ముక్క మధ్యయుగాలది. 17వ శతాబ్దంలో గుడ్‌బ్రాండ్స్‌డాలెన్ లోయలో బైబిలు కథల్ని, ముఖ్యంగా వివేకవతులు–అవివేకవతులైన కన్యల కథని, దుప్పట్ల మీద నేసేవారు. తర్వాత మరుగునపడిన ఈ పనిని 19వ శతాబ్దం చివర మళ్ళీ లేపినవాళ్ళలో ఫ్రిడా హాన్సెన్ ముఖ్యురాలు. 1855లో స్టావంగర్‌లో పుట్టిన ఆమె కూడా మొదట చిత్రలేఖనమే నేర్చుకుంది. కొన్నిచోట్ల పేక వేయకుండా పడుగును బయటికి వదిలి, వెలుగు దూరేలా నేసే పద్ధతికి 1897లో పేటెంటు తీసుకుంది. ఆమె నేసిన “పాలపుంత” ఇప్పుడు హాంబుర్గ్ మ్యూజియంలో ఉంది. ఫ్రిడా హాన్సెన్ నేత తీరైనది, నాజూకైనది. రిగ్గెన్ దాన్ని అనుసరించలేదు. గుడ్‌బ్రాండ్స్‌డాలెన్ దుప్పట్ల మొరటు బలం, గళ్ళుగళ్ళుగా విడగొట్టి కథ చెప్పే తీరు ఆమెకు దగ్గర.

మగ్గం ఎలాంటిది?

హాన్స్ చేసిచ్చిన నిలువు మగ్గం. పైన పడుగు దూలం, కింద బట్ట చుట్టుకునే దూలం. నేసే మనిషికి ఎదురుగా పడుగు గోడలా నిలబడుతుంది. నేసింది కిందికి చుట్టుకుపోతుంటుంది కాబట్టి పెద్ద పనిలో ఎప్పుడూ ఒక పట్టీ మాత్రమే కళ్ళముందు ఉంటుంది. మూడు నెలల కిందట నేసిన పాదం ఏ వంపులో ఉందో గుర్తుపెట్టుకుని ఇవాళ మోకాలు నేయాలి.

కార్టూన్ లేకుండా నేసేదంటారు, అది ఎలా సాధ్యం?

కార్టూన్ అంటే టాపెస్ట్రీ ఎంత ఉంటుందో అంత కొలతలో ముందుగా గీసుకునే బొమ్మ. దాన్ని పడుగు వెనక కట్టి, గీతల వెంట నేస్తారు. కార్ఖానాల్లో గీసేది ఒకరు, నేసేది మరొకరు. రిగ్గెన్ కార్టూన్ పెట్టుకోలేదు. బొమ్మ తలలో ఉండేది, నేరుగా మగ్గం మీదే కూర్చేది.

దీనికి రెండు షరతులున్నాయి. మొదటిది, ఎన్నో రంగుల నూలు ముందే వడికి, అద్ది, చిలపలుగా కట్టి చేతికందేలా ఉండాలి. నడుమ ఒక ఎరుపు అయిపోతే మళ్ళీ అదే ఎరుపు రాదు. రెండోది, దిద్దుబాటు అంటే విప్పడమే. నూనె రంగులో తప్పు మీద ఇంకో పూత వేయొచ్చు. ఇక్కడ చెయ్యి బాగోలేదంటే ఆ చెయ్యిదాకా, దాని పైన నేసిందంతా ఊడదీయాలి. అందుకే ఆమె ఆకారాలు తేల్చిచెప్పినట్టు ఉంటాయి, సందేహంగా తడిమిన గీత కనిపించదు. బొమ్మ కింద మొదలై పైకి ఎదుగుతుంది గనక కొన్నిచోట్ల పైభాగం ఇరుకై తలలు అంచుకు తాకుతాయి. అది లోపమని మేము అనుకోం. ఆ ఇరుకే కొన్ని బొమ్మలకు ఊపిరాడని బిగువునిచ్చింది.

ఉన్ని, నూలు సంగతి?

సొంత గొర్రెల ఉన్ని. కత్తిరించడం, ఏకడం, రాట్నం మీద వడకడం అన్నీ ఇంట్లోనే. నార్వే పాత జాతి గొర్రెకు రెండు పొరల ఉన్ని ఉంటుంది. పైన పొడవాటి, మెరిసే వెంట్రుక, లోపల మెత్తటి ఉన్ని. పై వెంట్రుక ఎక్కువ కలిపితే నూలు గట్టిగా, నిగనిగలాడుతూ వస్తుంది, రంగు లోతుగా కనిపిస్తుంది. లోపలి ఉన్నే అయితే మెత్తగా ఉంటుంది కానీ కాలక్రమేణా నూగు లేస్తుంది, అంచుల గీత మసకబారుతుంది. చేతి వడుకులో పోగు ఒకచోట లావు, ఒకచోట సన్నం. అందువల్లే ఆమె నేసిన ఒకే రంగు మైదానం కూడా చచ్చుగా ఉండదు, నీరెండలో పొలంలా కదులుతున్నట్టుంటుంది.

ఆ నీలం మూత్రంతో అద్దినదేనా?

అవును. నార్వే పల్లెల్లో “కుండ నీలం” అనే పాత పద్ధతి ఇది. ఇంట్లోవాళ్ళ దగ్గర, ఇరుగుపొరుగు దగ్గర మూత్రం సేకరించి పులియబెట్టేది. వింతగా చెప్పుకుంటారు గానీ దీని వెనక గట్టి రసాయనం ఉంది.

నీలిమందు నీళ్ళలో కరగదు. కరగాలంటే దానిలోంచి ఆక్సిజన్ ప్రభావం పోవాలి, ద్రావణం క్షారంగా ఉండాలి. నిలవ మూత్రంలో యూరియా విడిపోయి అమ్మోనియా అవుతుంది, అదీ క్షారం. అందులో పెరిగే బాక్టీరియా ఆక్సిజన్‌ను తినేస్తుంది. అప్పుడు నీలిమందు పసుపుపచ్చగా మారి కరుగుతుంది, ఉన్నిలోకి దిగుతుంది. ఉన్నిని బయటికి తీస్తే గాలి తగిలి కళ్ళముందే పచ్చ, ఆపైన నీలం అవుతుంది.

కొలతలు సుమారుగా ఇలా ఉంటాయి. మూతున్న పింగాణీ జాడీలో పది లీటర్ల మూత్రం పోసి, 30–40 డిగ్రీల వెచ్చదనంలో ఒకటి రెండు వారాలు ఉంచాలి. 30 నుంచి 50 గ్రాముల నీలిమందును మెత్తగా నూరి, గుడ్డలో మూట కట్టి అందులో వేయాలి. రోజూ ఒకసారి ఆ మూటను ద్రావణంలోనే నలిపి వదలాలి. పైన రాగి రంగు తెట్టు కట్టి, కింద ద్రావణం పచ్చపసుపులోకి తిరిగితే కుండ సిద్ధం. ఉన్నిని ముందే గోరువెచ్చటి నీళ్ళలో బాగా నానబెట్టి, పిండి, బుడగలు లేకుండా మెల్లగా దించాలి. కొన్ని గంటలుంచి తీసి, ఆరబెట్టి, మళ్ళీ ముంచాలి. ముదురు నీలానికి ఒక్క పెద్ద ముంపు పనికిరాదు, చిన్నచిన్నవి ఐదారు కావాలి.

ఇందులో ఏమేం చెడతాయి?

ఎక్కువసార్లు చెడేది వేడి. కుండ చల్లబడితే బాక్టీరియా పడుకుంటుంది, ద్రావణం నీలంగానే ఉండిపోతుంది. అందులో ముంచితే ఉన్నికి బూడిద రంగు మురికి పడుతుంది, రంగు పట్టదు. మళ్ళీ వెచ్చబెట్టి రెండు రోజులు ఆగాలి. ఊరికే గరిటెతో కలపడం రెండో తప్పు. కలిపినప్పుడల్లా గాలి దూరుతుంది, చేసిన పని వెనక్కిపోతుంది. ఒకేసారి ముదురుగా అద్దాలని ఆశపడితే నీలిమందు పైపైన అంటుకుంటుంది, చేతికి రాలుతుంది. వేడి కుండలోంచి చన్నీళ్ళలో వేసి పిసికితే ఉన్ని గడ్డకట్టి కంబళిలా తయారవుతుంది. వాసన ఎలాగూ ఉంటుంది. కడిగి గాలికి ఆరేస్తే కొన్నాళ్ళకు పోతుంది.

మన నీలి తొట్టిలో సున్నం వాడతారు కదా, ఉన్నికీ అదే వాడొచ్చా?

వాడకపోవడం మంచిది. మన వైపు పాత పద్ధతి తంటెపు గింజలు ఉడికించి, సున్నం కలిపి పులియబెట్టే తొట్టి. అది పత్తి నూలుకు సరిగ్గా సరిపోతుంది. సున్నం ఘాటు క్షారం, పత్తి తట్టుకుంటుంది. ఉన్ని మాంసకృత్తు కాబట్టి ఘాటు క్షారంలో పెళుసెక్కుతుంది, మెరుపు పోతుంది. అమ్మోనియా మెతక క్షారం. గొర్రెల దేశంలో మూత్రపు కుండ, పత్తి దేశంలో సున్నపు తొట్టి నిలబడటానికి కారణం ఇదే. మన ఎండాకాలంలో పొయ్యి అవసరం లేకుండానే మూత్రపు కుండ పులుస్తుంది, అదొక్కటే మనకు కలిసొచ్చేది. అపార్ట్‌మెంట్‌లో మాత్రం వద్దు.

మిగతా రంగులు దేనితో?

చుట్టుపక్కల దొరికినవాటితో: బర్చ్ ఆకు, చెట్ల బెరళ్ళు, రాళ్ళ మీద పెరిగే లైకెన్, నాచు. బర్చ్ ఆకుతో పసుపు వస్తుంది, వేసవి మొదట్లో లేత ఆకు కోస్తే రంగు తేటగా ఉంటుంది. రాతి లైకెన్‌తో ఎర్రమట్టి గోధుమ రంగు వస్తుంది, దానికి రంగు పట్టించే పటిక కూడా అక్కర్లేదు. పసుపు అద్దిన నూలును నీలి కుండలో ముంచితే ఆకుపచ్చ.

పటిక పెట్టాల్సిన రంగులకు వంద గ్రాముల పొడి ఉన్నికి పదిహేను గ్రాములు చాలు. గంటసేపు మెల్లగా 80–85 డిగ్రీలదాకా వేడెక్కించి, మరో గంట అలాగే ఉంచి, ఆ నీళ్ళలోనే చల్లారనివ్వాలి. కుతకుతలాడిస్తే ఉన్ని ముద్దవుతుంది. తర్వాత ఉన్ని బరువుకు రెండింతల పచ్చి ఆకు ఉడికించి, వడకట్టి, అందులో అద్దాలి. చివర్లో చిటికెడు అన్నభేది (ఇనుప లవణం) వేస్తే పసుపు ఆలివ్ పచ్చలోకి ముదురుతుంది. అన్నభేది ఉన్ని బరువులో రెండు శాతం దాటితే పోగు గరుకై, కొన్నేళ్ళకు పొడిగా రాలుతుంది. పాత టాపెస్ట్రీల్లో నల్ల గీతలు ముందుగా పోవడానికి ఈ ఇనుమే కారణం. కలంకారీ వాళ్ళకు పటిక, ఇనుము జోడీ కొత్తేమీ కాదు.

“ఇథియోపియా” టాపెస్ట్రీని పారిస్‌లో నిషేధించారా?

నిషేధించలేదు, మడిచారు. 1935 అక్టోబరులో ఇటలీ ఇథియోపియా మీద దాడి చేసింది. ఆ ఏడే రిగ్గెన్ ఈ పని నేసింది. కుడి చివర ఒక ఇథియోపియా యోధుడు, అతని బల్లెం ముసోలినీ తలలోంచి దూసుకుపోయి ఉంటుంది. 1937 పారిస్ ప్రపంచ ప్రదర్శనలో నార్వే మంటపంలో దీన్ని పెట్టినప్పుడు ఇటలీకి కోపం వస్తుందని ఆ కుడి భాగాన్ని వెనక్కి మడిచేశారు. వచ్చినవాళ్ళు తక్కిన బొమ్మే చూశారు. అదే ప్రదర్శనలో స్పెయిన్ మంటపంలో పికాసో యుద్ధ చిత్రం “గెర్నికా” ఉంది. రిగ్గెన్ “గెర్నికా” చూసి నేసిందని అక్కడక్కడా రాస్తుంటారు. సంవత్సరాలు చూస్తేనే అది తప్పని తెలుస్తుంది, ఆమెది రెండేళ్ళు ముందు.

నాజీల మీద ఏమేం నేసింది?

1936లో “కలల చావు”. జర్మన్ శాంతివాది, పాత్రికేయుడు కార్ల్ ఫాన్ ఒసియెట్స్కీని నాజీలు నిర్బంధ శిబిరంలో పెట్టారు. ఆ ఏడే, 1935కు గాను నోబెల్ శాంతి బహుమతి ఆయనకు ప్రకటించారు. టాపెస్ట్రీలో ఖైదీల పక్కనే హిట్లర్, గోరింగ్, గోబెల్స్ హంతకులుగా ఉంటారు. 1938లో “లీజెలొట్టె హెర్మన్ శిరచ్ఛేదం”: నాజీలను ఎదిరించిన జర్మన్ కమ్యూనిస్టు, పసిబిడ్డ తల్లి, 1938 జూన్‌లో బెర్లిన్‌లో ఆమె తల నరికారు. ఈ పనులన్నీ నార్వే ఇంకా స్వేచ్ఛగా ఉన్నప్పటివి. అప్పుడు ఇలా నేసినందుకు ఆమెను ఎవరూ శిక్షించరు. 1940 తర్వాత ఆ మాట చెల్లదు.

“1942 అక్టోబరు 6” ఏ రోజు?

ఆక్రమిత నార్వేను ఏలుతున్న జర్మన్ అధికారి టెర్బోవెన్ ట్రోండ్‌హైమ్ ప్రాంతంలో అత్యవసర స్థితి ప్రకటించిన రోజు. పదిమందిని ఏరి, విచారణ లేకుండా కాల్చి చంపారు. వాళ్ళలో ట్రోండెలాగ్ నాటకశాల అధిపతి హెన్రీ గ్లేడిచ్ ఒకడు. రిగ్గెన్ మరుసటి ఏడు, ఆక్రమణ సాగుతుండగానే, ఊళ్ళో జర్మన్ సైనికులుండగానే దీన్ని నేసింది. ఒకవైపు గ్లేడిచ్ హత్య, గాల్లో తేలే హిట్లర్. మరోవైపు ఇటుకల బురుజులో చర్చిల్, పడవలో రిగ్గెన్ కుటుంబం. చూసేవాళ్ళు ముందు హిట్లర్ దగ్గర ఆగుతారు, అది సహజం. కానీ ఈ పనిలో అసలు తెగువ ఆ పడవలో ఉంది. హంతకుల్ని పేరుపేరునా చూపిస్తూ, పక్కనే తన ముఖమూ, తనవాళ్ళ ముఖాలూ పెట్టుకుంది.

ఆ తర్వాత కుటుంబానికి ఏమైంది?

1944లో హాన్స్‌ను అరెస్టు చేసి ఓస్లో దగ్గరి గ్రీని శిబిరంలో పెట్టారు. యుద్ధం ముగిశాక ఇంటికొచ్చాడు. 1945 నాటి “గ్రీని” దాని గురించే. హాన్స్ 1956లో చనిపోయాడు.

ప్రభుత్వ భవనంలో చిరిగిన టాపెస్ట్రీ ఏది?

“మనం ఒక నక్షత్రం మీద బతుకుతున్నాం”, 1958. ఎర్లింగ్ విక్షో డిజైన్ చేసిన ఓస్లో ప్రభుత్వ బహుళ అంతస్తుల భవనం కోసం నేసింది. ఒకరినొకరు హత్తుకున్న స్త్రీ పురుషులు, వాళ్ళ చుట్టూ భూగోళం. 2011 జులై 22న ఆ ప్రభుత్వ భవనాల ముందు ఒక తీవ్ర కుడివాద ఉగ్రవాది బాంబు పేల్చాడు. టాపెస్ట్రీ కింది భాగం చిరిగింది. బాగుచేసినప్పుడు అతుకు కనిపించకుండా కొత్తదానిలా చేయలేదు, మచ్చ తెలిసేలా ఉంచారు. అది సరైన నిర్ణయమే. అదే రంగు నూలు తెచ్చి మళ్ళీ నేస్తే అది రిగ్గెన్ పని కాదు, పైగా అక్కడ జరిగింది దాచినట్టవుతుంది.

రైతుల జీవితం మీద ఏమీ నేయలేదా?

నేసింది, అవి ఇంకా ఎక్కువ పేరు పొందాల్సినవి. “అప్పుల సముద్రంలో చేపల వేట”, 1933: ఆర్థిక మాంద్యంలో అప్పులపాలైన వాళ్ళ బతుకు. “మనమూ మన జంతువులూ”, 1934: పెంచి, ప్రేమించి, చివరికి కోసుకు తినే సంసారం. కమతం చేసుకునే మనిషి తప్ప ఇంకొకరు నేయలేని బొమ్మ.

వియత్నాం యుద్ధం మీద కూడా నేసిందా?

“గడ్డిలో నెత్తురు”, 1966. పచ్చటి మైదానాన్ని ఎర్ర గీతలు కోసేస్తుంటాయి. పక్కన కౌబాయ్ టోపీ పెట్టుకున్న అమెరికా అధ్యక్షుడు జాన్సన్, అతని కుక్క. 72 ఏళ్ళ వయసులో నేసింది. ముందరి పనులకన్నా మనుషులు తగ్గారు, రంగే మాట్లాడుతుంది.

ఆమెను లోకం మరిచిపోయిందా?

స్కాండినేవియాలో మరవలేదు. 1962లో స్టాక్‌హోమ్‌లోని మోడెర్నా మ్యూజియంలో ఆమె పనితో ప్రదర్శన పెట్టారు, తర్వాత రెండేళ్ళకు వెనిస్. బయటి దేశాల్లో మాత్రం నేత అంటే చేతిపని, కళ కాదు అన్న లెక్కలో చాలాకాలం పక్కన పెట్టేశారు. 2012లో జర్మనీలోని కాసెల్‌లో జరిగిన 13వ డాక్యుమెంటా కళా ప్రదర్శనలో ఆమె పనులు పెట్టాక మళ్ళీ చర్చ మొదలైంది. ఆక్స్‌ఫర్డ్‌లో 2017లో, ఫ్రాంక్‌ఫర్ట్‌లో 2019లో ప్రదర్శనలు జరిగాయి.

ఎక్కడ చూడొచ్చు?

అన్నిటికన్నా పెద్ద సేకరణ ట్రోండ్‌హైమ్‌లోని నూర్డెన్‌ఫియెల్స్కే అలంకార కళల మ్యూజియంలో ఉంది. “ఇథియోపియా” అక్కడిదే. “గడ్డిలో నెత్తురు” బెర్గెన్‌లోని కోడె మ్యూజియంలో. ఓస్లో నేషనల్ మ్యూజియంలో కూడా కొన్ని ఉన్నాయి. టికెట్లు కొనేముందు మ్యూజియంకు రాసి, మీరు చూడాలనుకున్న పని గోడ మీద ఉందో లేదో కనుక్కోండి. సహజ రంగులకు వెలుతురు శత్రువు. బట్టల్ని సాధారణంగా 50 లక్స్ మించని మసక వెలుతురులో, అదీ కొన్ని నెలలే వేలాడదీసి, తిరిగి చీకటి గదిలో పెడతారు. ట్రోండ్‌హైమ్ నుంచి ఓర్లాండెట్‌లోని బ్రెక్‌స్టాడ్‌కు వేగపు పడవలో దాదాపు గంట.

లోపలికెళ్ళాక కళ్ళు మసక వెలుతురుకు అలవాటు పడేదాకా రెండు నిమిషాలు ఆగండి. ముందు దూరంగా నిలబడి కథ చూడండి, తర్వాత మ్యూజియం గీసిన గీతదాకా వెళ్ళి ఒక్క ముఖం దగ్గర ఆగండి. వెనకవైపు ఫొటోలు ఎక్కడైనా దొరికితే వదలకండి. వెలుగు తగలని వెనకవైపే మొదటి రంగు మిగిలి ఉంటుంది.

ఈ నేత చేతితో ప్రయత్నించాలంటే ఏం కావాలి?

40×50 సెంటీమీటర్ల గట్టి చెక్క ఫ్రేమ్, పడుగుకు పురి గట్టిగా ఉన్న నూలు దారం, పేకకు ఉన్ని, కొట్టడానికి ఒక ఫోర్కు. 20 సెంటీమీటర్ల వెడల్పుకు సెంటీమీటరుకు మూడు పోగుల చొప్పున 61 పడుగు పోగులు వేయండి. దీనికి దారం 40 మీటర్లదాకా పడుతుంది. 20×30 బొమ్మకు అన్ని రంగులూ కలిపి వంద గ్రాముల ఉన్ని సరిపోతుంది. మొదట రెండు సెంటీమీటర్లు పడుగు దారంతోనే నేయండి, పోగులు సమంగా సర్దుకుంటాయి.

మొదటిసారి నేసే ప్రతివాళ్ళకూ వచ్చే చిక్కు నడుము సన్నబడటం. 20 సెంటీమీటర్లతో మొదలైంది పదహారుకు దిగుతుంది. పేకను తిన్నగా లాగడమే కారణం. పోగును కొండలా వంపు తీసి వదిలి, తర్వాత కిందికి కొట్టాలి. పేక పడుగు చుట్టూ తిరుగుతుంది కాబట్టి దానికి అదనపు పొడవు కావాలి. ప్రతి మూడు సెంటీమీటర్లకూ స్కేలు పెట్టి చూడండి. తేడా అర సెంటీమీటరు దాటితే అప్పుడే విప్పేయండి, పైన సరిచేద్దామంటే కుదరదు. మధ్యలో పడుగు తెల్లగా తొంగిచూస్తే పేక లావుగా ఉందన్నమాట, లేదా పడుగు మరీ దగ్గరగా వేశారు.

ముఖంతో మొదలుపెట్టకండి. రెండు రంగుల మధ్య ఏటవాలు గీత, ఆపైన నిలువు గీత, చివర గుండ్రం: ఈ మూడూ వచ్చాకే బొమ్మ.

ఆమె పనులు కొనడానికి దొరుకుతాయా?

పెద్దవి దాదాపు దొరకవు. తన పనులు ఇళ్ళ గోడల మీద కాక జనం చూసేచోట ఉండాలని ఆమె కోరుకుంది, ప్రైవేటు వ్యక్తులకు అమ్మడానికి ఇష్టపడలేదు. అందుకే ఎక్కువభాగం మ్యూజియంల దగ్గరే ఉన్నాయి.